కాథలిక్ యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చింది, పంపొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసింది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కి సెయింట్ లూయిస్ యూనివర్సిటీ, చికాగోలోని డిపాల్ యూనివర్సిటీల నుంచి అడ్మిషన్లు వచ్చాయి. రెండూ కాథలిక్ సంస్థలని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. మా అత్తమ్మ "పిల్లను మతంలో కలిపేసుకుంటారు" అంటున్నది. మా ఆయనకేమో చర్చి వాళ్లిచ్చే డిగ్రీ చెల్లుతుందా అని అనుమానం. ఇంకో కాథలిక్ యూనివర్సిటీకి అప్లై చేయబోతే "మా మిషన్‌కు మీరెలా సరిపోతారు" అని ఒక పేజీ రాయమన్నారు. కన్సల్టెన్సీ వాళ్లు "క్రిస్టియన్లమని రాసెయ్యండి, పాస్టర్ లెటర్ మేమిప్పిస్తాం, స్కాలర్‌షిప్ వస్తుంది" అంటున్నారు. ఈ మిషన్, ఐడెంటిటీ అంటే అసలేంటి? పిల్ల బైబిల్ క్లాసులకు పోవాలా? మా చిన్నోడు కూడా ఇంటర్ అయ్యాక అక్కడికే పోతానంటున్నాడు. — ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ పాస్టర్ లెటర్ సంగతి తేల్చేద్దాం. దాని జోలికి వెళ్లకండి. మన దగ్గర మైనారిటీ కాలేజీల్లో ఆ మతం పిల్లలకు విడిగా కొన్ని సీట్లుంటాయి కాబట్టి అమెరికాలోనూ అంతే అయ్యుంటుందని మీ కన్సల్టెన్సీ వాళ్లు ఊహించుకున్నారు. అక్కడి కాథలిక్ యూనివర్సిటీల ఎమ్మెస్ అడ్మిషన్లలో మత కోటా లేదు. మెరిట్ స్కాలర్‌షిప్పులు మార్కుల్ని, అనుభవాన్ని చూసి ఇస్తారు. ఎవరో దాత కాథలిక్ విద్యార్థుల కోసమే పెట్టిన నిధి అక్కడక్కడా ఉన్నా, దానికి పాస్టర్ లెటర్ పనికిరాదు. కాథలిక్కుల్లో ఆ కాగితం ఇవ్వాల్సింది విచారణ గురువు, అంటే ఆ ప్రాంతపు చర్చి ఫాదర్, అదీ జ్ఞానస్నానాల (బాప్టిజం) రిజిస్టరు చూసి. అబద్ధపు కాగితం బయటపడితే అడ్మిషన్ రద్దు చేసే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది. కొన్ని అప్లికేషన్లలో మతం అనే గడి కనిపిస్తుంది, పక్కనే ఐచ్ఛికం అని ఉంటుంది. ఖాళీగా వదిలేయండి, లేదా హిందూ అని రాయండి. దానివల్ల అడ్మిషన్‌కు వచ్చే నష్టమేమీ లేదు.

ఇక అసలు ప్రశ్న. కాథలిక్ యూనివర్సిటీ అంటే ఫాదర్లను తయారుచేసే చోటు కాదు. దానికి సెమినరీలు వేరే ఉన్నాయి. మీ వాళ్లలోనే బెజవాడ ఆంధ్రా లయోలా కాలేజీలోనో, అల్వాల్ లయోలా అకాడమీలోనో చదివినవాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. ఆంధ్రా లయోలాను 1953లో స్థాపించింది, సెయింట్ లూయిస్‌ను నడిపిస్తూ వచ్చింది ఒకే సంఘం. జెస్యూట్లు, అంటే యేసు సభ గురువులు (ఫాదర్లు). డిపాల్‌ది వేరే సంఘం. పేదల సేవకు పేరుపడ్డ విన్సెంట్ డి పాల్ పేరు మీద విన్సెంషియన్ గురువులు 1898లో మొదలుపెట్టారు. మతం ప్రాతిపదికన అడ్మిషన్ ఉండకూడదని 1907లోనే చార్టర్‌లో రాసుకున్న సంస్థ అది.

ఐడెంటిటీ అంటే ఆ యూనివర్సిటీ తాను ఎవరినని చెప్పుకుంటుందో అది. మిషన్ అంటే దేనికోసం పనిచేస్తున్నానంటుందో అది. వీటి విషయంలో కాథలిక్ సంస్థలన్నిటికీ ఒక మూల పత్రం ఉంది. రెండో జాన్ పాల్ పోపు 1990 ఆగస్టు 15న వెలువరించిన 'ఎక్స్ కోర్దే ఎక్లేసియే'. కాథలిక్ యూనివర్సిటీకి ఉండాల్సిన లక్షణాలు నాలుగని అందులో ఉంది. క్రైస్తవ ప్రేరణ అక్కడ పనిచేసే కొందరు వ్యక్తుల్లో ఉంటే చాలదు, సంస్థ మొత్తానికీ ఉండాలి. పెరిగే జ్ఞానాన్ని విశ్వాసం వెలుగులో పరిశీలిస్తూ, సొంత పరిశోధనతో దానికి తన వంతు కలపాలి. చర్చి అందించే బోధనకు విధేయంగా ఉండాలి. మనుషులందరికీ సేవ చేయాలి.

మీ అత్తమ్మగారికి చెప్పాల్సింది ఆ పత్రం రెండో భాగంలో ఉంది. కాథలిక్ బోధన యూనివర్సిటీ పనులన్నిటి మీదా ప్రభావం చూపాలంటూనే, ప్రతి మనిషి అంతఃకరణ స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని అక్కడే రాశారు. చర్చి చట్టంలోనూ, 748వ నిబంధనలో, ఎవర్నీ బలవంతంగా విశ్వాసంలోకి తేవడానికి వీల్లేదని ఉంది. పైగా కాథలిక్కుగా మారడం ఒక సాయంత్రం జరిగే పని కాదు. కోరుకున్న పెద్దవాళ్లు తామే వెళ్లి అడగాలి, నెలల తరబడి తరగతులకు హాజరవ్వాలి. మామూలుగా ఈస్టర్ ముందు రాత్రి జ్ఞానస్నానం ఇస్తారు. ఎవరైనా మధ్యలో ఆగిపోతానంటే ఆగిపోవచ్చు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. విమానాశ్రయంలో దింపుకోవడం, పాత పరుపు, బల్ల ఉచితంగా ఇవ్వడం, శుక్రవారం సాయంత్రం భోజనానికి పిలవడం, ఆ తర్వాత బైబిల్ స్టడీకి రమ్మనడం చేసే స్వతంత్ర ప్రొటెస్టెంట్ బృందాలు అమెరికాలో చాలా క్యాంపస్‌ల చుట్టూ ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీల దగ్గరా ఉన్నాయి. వాళ్లలో చాలామంది నిజంగానే మంచివాళ్లు. భోజనానికి వెళ్లి, బైబిల్ స్టడీకి రానని చెప్పినా ఎవరూ ఏమీ అనరు. కాథలిక్ క్యాంపస్ అని పిల్లను పంపడం మానేసి ప్రభుత్వ యూనివర్సిటీకి పంపినంత మాత్రాన ఈ పిలుపులు ఆగవు. కాబట్టి పిల్లకు నేర్పాల్సింది మొహమాటం లేకుండా "వద్దండీ" అనడం.

మీ ఆయన ప్రశ్నకు జవాబు చిన్నది. డిగ్రీకి విలువనిచ్చేది చర్చి కాదు, గుర్తింపు సంస్థ. సెయింట్ లూయిస్‌కీ, డిపాల్‌కీ హయ్యర్ లెర్నింగ్ కమిషన్ గుర్తింపు ఉంది. అమెరికా మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లోని పెద్దపెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలకు గుర్తింపునిచ్చేదీ అదే. చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఇప్పటి నిబంధనల ప్రకారం ఇచ్చే 12 నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సులకు అదనంగా ఇచ్చే 24 నెలలు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే కోర్సు కోడ్‌ను బట్టి వస్తాయి. మీరు చూడాల్సింది ఆ కోడ్. సర్టిఫికెట్ మీద గానీ, మార్కుల జాబితాలో గానీ విద్యార్థి మతం ఎక్కడా ఉండదు.

ఎమ్మెస్ చదివే పిల్లకు ఈ ఐడెంటిటీ ఎక్కడ తగులుతుందంటే, క్లాసులో దాదాపు తగలదు. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో వేదాంతం (థియాలజీ) పేపర్ ఉండదు. వృత్తి కోర్సులన్నిటిలోనూ ఆ వృత్తికి తగిన నైతిక శిక్షణ ఉండాలని 1990 పత్రం చెప్తుంది కాబట్టి డేటా ఎథిక్స్ లాంటి పాఠం ఎదురుకావచ్చు. ఎదురైతే మంచిదే. ప్రార్థనలకు హాజరు ఉండదు.

క్యాంపస్‌లో మాత్రం ఏడాది పొడవునా కనిపిస్తూ ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో చదువులు మొదలయ్యేటప్పుడు చర్చిలో పవిత్రాత్మ పూజ (మాస్) ఉంటుంది, వెళ్లేవాళ్లు వెళ్తారు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక బుధవారం ప్రొఫెసర్ నుదుటి మీద బూడిదతో గీసిన సిలువ కనిపిస్తుంది. అది విభూది బుధవారం, ఆరోజు నుంచి వాళ్ల తపస్సు కాలం. ఆ రోజుల్లో శుక్రవారాలు కాథలిక్కులు మాంసం తినరు. డైనింగ్ హాల్లో చేపతో పాటు మాంసం లేని వంటకాలు ఎక్కువ పెడతారు. శాకాహారులకు అదో వెసులుబాటు. గుడ్ ఫ్రైడేకి సెలవు ఉంటుంది, దసరాకు ఉండదు. బతుకమ్మ రోజుల్లో పరీక్ష పడిందంటే మార్చమని అడగొచ్చు గానీ, పండగ వారంలో అడిగితే కుదరదు. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో, సిలబస్ చేతికి రాగానే, మతపరమైన పండగల గురించి అందులో ఏం రాశారో చూసి, తేదీ చెప్తూ ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాలి. విశ్వాసాన్ని సీరియస్‌గా తీసుకునే చోట ఇంకొకరి పండగ గురించి చెప్తే అర్థం చేసుకునేవాళ్లు దొరుకుతారు. జార్జ్‌టౌన్ కూడా జెస్యూట్ యూనివర్సిటీయే. 1999లో ఒక ఇమామ్‌ను పూర్తికాలపు చాప్లిన్‌గా, అంటే విద్యార్థుల మతపరమైన అవసరాలు చూసే వ్యక్తిగా తీసుకుంది, 2016లో హిందూ విద్యార్థుల కోసం ఒక పూజారిని నియమించింది. అన్నిచోట్లా ఇంత ఏర్పాటు ఉండదు. సెయింట్ లూయిస్‌లో మీ పిల్లకు గుడి కావాలంటే శివార్లలో బాల్విన్ దగ్గర హిందూ దేవాలయం ఉంది.

ముందే తెలిసి ఉండాల్సింది ఇంకొకటుంది. కాథలిక్ క్యాంపస్‌లలోని హెల్త్ సెంటర్లలో చాలాచోట్ల కుటుంబ నియంత్రణ సాధనాలు ఇవ్వరు. అలాంటి అవసరానికి బయటి క్లినిక్‌కు వెళ్లాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే ఏది కవర్ అవుతుందో చదువుకోవాలి. పెళ్లయి వెళ్లే అమ్మాయిలకు ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు ఆ ఒక పేజీ వ్యాసం. దీన్ని భక్తి పరీక్ష అనుకోవడం వల్లే చాలామంది పాడుచేసుకుంటారు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది, మీ పిల్ల తమ గురించి చదివిందా, తాము విలువనిచ్చే పని ఏదైనా తన బతుకులో చేసిందా అని. రాసే ముందు వెబ్‌సైట్‌లో మిషన్ పేజీ చదవాలి. ఎవరు స్థాపించారో చూడాలి. ఆ తర్వాత తను చేరబోయే డిపార్ట్‌మెంట్ పేజీలోకి వెళ్లి, ఆ మిషన్‌కు తగ్గ పని అక్కడ ఏం జరుగుతోందో ఒకటి పట్టుకోవాలి. ఏదైనా ల్యాబ్ కావచ్చు, ఊళ్లో సేవాసంస్థతో కలిసి చేసే ప్రాజెక్టు కావచ్చు. అప్పుడు దానికి తను చేసిన పనిని కలపాలి.

మీ అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్టు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఓపీ చీటీల క్యూ గురించి అనుకుందాం. "క్రైస్తవ విలువల మీద నాకు అపారమైన గౌరవం" అని రాస్తే ఎవరి మనసుకూ పట్టదు. "వరుసలో ఉన్నవాళ్లలో చదవడం రానివాళ్లు చాలామంది. తెర మీద పేరు వచ్చినా తమ వంతు వచ్చిందని తెలియక నిలబడే ఉన్నారు. అందుకే పేర్లు తీసేసి రంగు, అంకె పెట్టాం. ఎవరికోసం తయారుచేస్తున్నామో వాళ్లను ముందు చూడాలని అక్కడ అర్థమైంది. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫలానా ల్యాబ్ చేస్తున్న పని ఇదే దారిలో ఉంది" అని రాస్తే, మతం మాట ఒక్కటీ రాకుండానే ప్రశ్నకు జవాబు వచ్చేసింది. అరపేజీ దాని మీద, మిగతాది చదువు మీద. ప్రాజెక్టు నిజంగా చేసిందే అయ్యుండాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఎక్కువగా జరిగే తప్పు సంఘాలు కలిపేయడం. కన్సల్టెన్సీల దగ్గర ఒకే నమూనా నలుగురు పిల్లలకు తిరుగుతుంది. సెయింట్ లూయిస్‌కు రాసిన "జెస్యూట్ సంప్రదాయం" డిపాల్‌కూ వెళ్తుంది, డేటన్‌కూ వెళ్తుంది. డేటన్ 1850లో మేరియనిస్టులనే మరో సంఘం పెట్టింది. లూయిస్ యూనివర్సిటీ దె ల సాల్ బ్రదర్స్‌ది. గానన్ ఈరీ మేత్రాసనానిది, అంటే అక్కడి బిషప్ పరిధిలోది. కనెక్టికట్‌లోని సేక్రెడ్ హార్ట్‌ను 1963లో ఒక బిషప్ స్థాపించి, నడిపే బాధ్యతను మొదటి నుంచీ గురువులకు కాకుండా మామూలు జనానికే అప్పగించారు. వ్యాసం చదివేవాళ్లకు ఈ పొరపాటు ఒక్క వాక్యంలోనే దొరికిపోతుంది. రెండో తప్పు, 'క్యూరా పెర్సొనాలిస్' లాంటి లాటిన్ మాటల్ని అర్థం తెలియకుండా పెట్టడం. మనిషిని మార్కుల వరకే కాకుండా మొత్తంగా పట్టించుకోవడం అని దాని భావం. తెలిసి వాడితే సరే, లేదంటే వదిలేయడమే మేలు. వీసా ఇంటర్వ్యూలో "ఈ యూనివర్సిటీయే ఎందుకు" అన్నప్పుడు కూడా కోర్సు, ఫ్యాకల్టీ, ఖర్చు గురించే చెప్పాలి.

పేరులో సెయింట్ ఉన్నంత మాత్రాన కాథలిక్ అనుకోకండి. మిన్నెసోటాలోని సెయింట్ క్లౌడ్ స్టేట్ ప్రభుత్వానిది, సెయింట్ క్లౌడ్ ఊరి పేరు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే కంబర్లాండ్స్, క్యాంప్‌బెల్స్‌విల్ క్రైస్తవ మూలాలున్నవే గానీ కాథలిక్ కాదు, బాప్టిస్టులవి. సెయింట్ లూయిస్ శివార్లలోని వెబ్‌స్టర్ యూనివర్సిటీని 1915లో లొరెటో సిస్టర్లు స్థాపించినా, 1967లో అది చర్చి నుంచి బయటికి వచ్చేసింది. సందేహం ఉంటే అమెరికా విద్యాశాఖ వారి 'కాలేజ్ నావిగేటర్' సైట్‌లో కాలేజీ పేరు కొట్టండి. మత సంబంధం అనే గడి అందులో ఉంటుంది.

అదే 1967లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ తన పాలకమండలిలో ఎక్కువ స్థానాలు గురువులు కానివాళ్లకు ఇచ్చింది. కానీ కాథలిక్‌గానే ఉండిపోయింది. ఇప్పుడు కాథలిక్ యూనివర్సిటీల్లో గురువులు, సిస్టర్లు బాగా తగ్గిపోయారు. చాలాచోట్ల ప్రెసిడెంట్లు కూడా మామూలు జనమే. అందుకే ఐడెంటిటీని కాపాడటానికి ఒక వైస్ ప్రెసిడెంట్‌నే పెడుతున్నారు. జెస్యూట్ యూనివర్సిటీలు కొన్నేళ్లకోసారి మిషన్ మీద తమను తాము పరిశీలించుకుని నివేదిక రాస్తాయి. తోటి యూనివర్సిటీల వాళ్లు వచ్చి చూసి వెళ్తారు. 'మిషన్ ఎగ్జామెన్' అని యూనివర్సిటీ పేరుతో కలిపి వెతికితే కొన్నిచోట్ల ఆ నివేదిక దొరుకుతుంది. అడ్మిషన్ల బ్రోచర్‌లో రాయని లోపాలు కూడా అందులో ఒప్పుకుంటారు కాబట్టి తప్పక చదవదగ్గది.

మీరు మిషన్‌ను పిల్లకు పెట్టిన షరతుగా చూసి భయపడుతున్నారు. మాకైతే అది యూనివర్సిటీ ఇచ్చిన మాటలాగే కనిపిస్తుంది, ఇచ్చిన మాట గురించి ఎవరైనా నిలదీయొచ్చు. 1944 ఫిబ్రవరి 11న సెయింట్ లూయిస్ యూనివర్సిటీ చర్చిలో క్లాడ్ హైట్‌హౌస్ అనే జెస్యూట్ గురువు పూజలో విద్యార్థుల ముందు నిలబడి, నల్లవాళ్లను చేర్చుకోకపోవడం మన విశ్వాసానికే విరుద్ధమని ప్రసంగించాడు. ఆ వేసవిలో ఐదుగురు నల్లజాతి విద్యార్థులు చేరారు. మాట్లాడినందుకు ఆయన్ను తర్వాత ఆ నగరం నుంచి పంపేశారు. చేసింది ఆ సంస్థే, శిక్షించిందీ దాని పెద్దలే. మిషన్ కాగితం మీద ఉన్నంతలో పనైపోదని, దాన్ని చూపించి అడిగేవాళ్లు ఉండాలని తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు అడగాల్సింది ఫీజుల సంగతి. మన పిల్లలు కట్టే ఎమ్మెస్ ఫీజుల మీద చాలా యూనివర్సిటీల బడ్జెట్లు ఆధారపడ్డాయి. 2025లో విదేశీ విద్యార్థులు తగ్గగానే డిపాల్ ఖర్చులు తగ్గించుకోవాల్సి వచ్చింది. మనిషిని మొత్తంగా పట్టించుకుంటామనే మాట, ఒకే విడతలో వందల మందిని చేర్చుకున్న కోర్సులో ఎంత వరకు నిలబడుతోందో డిపాజిట్ కట్టకముందే కనుక్కోండి. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు మీ అమ్మాయి చేతే మెయిల్ పెట్టించండి. కిందటి ఫాల్‌లో (ఆగస్టు, సెప్టెంబరు విడతలో) ఈ కోర్సులో ఎంతమంది చేరారు, పూర్తికాలపు అధ్యాపకులు ఎంతమంది, అన్నిటికంటే పెద్ద క్లాసులో ఎందరున్నారు, ఒక అడ్వైజర్ కింద ఎందరు, ఎఫ్-1 విద్యార్థికి ఆపద వస్తే సాయం చేసే నిధి ఉందా, వీసా రాకపోతే డిపాజిట్ తిరిగి ఇస్తారా, తర్వాతి సెమిస్టర్‌కు మార్చుకోవచ్చా. అంకెలతో సూటిగా జవాబిస్తే మంచి గుర్తు. బ్రోచర్ లింకు పంపి ఊరుకుంటే మళ్లీ ఒకసారి అడగండి. రెండోసారీ అంతే అయితే ఆ డిపార్ట్‌మెంట్ మీ పిల్లను ఎలా చూస్తుందో తెలిసిపోయినట్టే. రెండు చోట్లకీ ఇవే ప్రశ్నలు పంపి, జవాబుల్ని, మొత్తం ఖర్చునీ పక్కపక్కన పెట్టి చూడండి. మిషన్ ఎంత గొప్పగా ఉన్నా అప్పు తీర్చాల్సింది మీరే.

మీ చిన్నబ్బాయి విషయం వేరు. డిగ్రీ స్థాయిలో ఐడెంటిటీ క్లాసులోకీ వస్తుంది. సెయింట్ లూయిస్‌లో 2022 నుంచి అమలవుతున్న ఉమ్మడి పాఠ్యక్రమంలో వేదాంతానికి ఒకటి, తత్వశాస్త్రానికి ఒకటి కోర్సులున్నాయి. ఇంజినీరింగ్ చదివినా వాటిని తప్పించుకోలేరు. మరో కాథలిక్ యూనివర్సిటీ నోటర్ డేమ్‌లో ఇంకా ఎక్కువే. అవి ప్రార్థన తరగతులు కావు. చదివింది, రాసింది చూసి మార్కులేస్తారు. దేవుణ్ణి నమ్మనివాడికి కూడా ఏ గ్రేడ్ రావచ్చు. డిపాల్‌లో మతాల అధ్యయనం కింద ఇతర మతాల కోర్సులు కూడా ఎంచుకునే వీలుంది. హాస్టల్ నియమాలూ చూసుకోవాలి. నోటర్ డేమ్‌లోనూ, వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలోనూ అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు హాళ్లుంటాయి. అలాంటి కోర్సుల మీద ఆసక్తి లేని పిల్లాడైతే నాలుగేళ్లలో వాటి క్రెడిట్లకు ఎంత ఫీజవుతుందో లెక్కేసి చూసుకుని, ఇష్టం ఉంటేనే అప్లై చేయమనండి.